మలేరియా రహస్యాన్ని ఛేదించిన సర్ రోనాల్డ్ రాస్

చలిజ్వరమంటే ఎరుగని ఊరు ఒకప్పుడు దక్షిణ దేశంలో అరుదు. మన్యపు జ్వరమన్నా, వణుకు జ్వరమన్నా, దినము విడిచి దినము వచ్చే జ్వరమన్నా జనులు ఆ ఒక్క వ్యాధినే ఉద్దేశించేవారు. గోదావరి, విశాఖ మన్యాలకు ఉద్యోగరీత్యా బదిలీ అంటే ఆనాటి కుటుంబాలలో దుఃఖవార్తతో సమానం. 1879లో చెలరేగిన రంప తిరుగుబాటును అణచడానికి కొండలెక్కిన మద్రాసు సైనికులను తుపాకి గుండ్లకంటె జ్వరమే తీవ్రంగా బాధించింది. కొయినా తింటే జ్వరం తగ్గుతుందని తెలుసు. అది ఎలా వస్తుందన్నది మాత్రం ఎవ్వరికీ తెలియదు. చిత్తడి నేలలనుండి లేచే చెడుగాలి దానికి మూలమని యూరపు వైద్యులు శతాబ్దాలుగా నమ్ముతూ వచ్చారు. మలేరియా అన్న ఇటలీ మాటకు అర్థమే చెడుగాలి.

ఆ నమ్మకాన్ని కూలద్రోసిన పరిశోధనలో మొదటి నిర్ణాయక ఘట్టం ఏ లండను నగరంలోనో, పారిస్ నగరంలోనో జరుగలేదు. సికింద్రాబాదు చెంత బేగంపేటలో ఒక సైనిక వైద్యశాలలో జరిగింది. దానిని సాధించిన సర్ రోనాల్డ్ రాస్ మద్రాసు, బెంగుళూరు, సికింద్రాబాదులలో యౌవనమంతా గడిపిన ప్రభుత్వ వైద్యుడు.

రాస్ 1857 మే 13వ తేదీన హిమాలయ సానువులలోని అల్మోరాలో జన్మించారు. అంతకు మూడు రోజుల ముందే మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు ప్రారంభమైంది. తండ్రి కాంబెల్ రాస్ భారత సైన్యంలో అధికారి. తరువాత సేనాని పదవికి ఎదిగినవారు. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. అప్పటి ఆంగ్ల ఉద్యోగుల ఆనవాయితీ ననుసరించి ఎనిమిదవ ఏటనే ఆ బాలుని ఇంగ్లండుకు పంపివేశారు. వైట్ దీవిలో బంధువుల ఇంట, ఆపై సౌతాంప్టన్ సమీపంలోని వసతి పాఠశాలలో అతని విద్యాభ్యాసం జరిగింది.

గణితం, సంగీతం, కవిత్వం, చిత్రలేఖనం ఈ నాలుగింటిపైనే ఆ బాలునికి మక్కువ. చిత్రకారుడు కావాలని అతని కోరిక. కుమారుడు వైద్యుడై ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాలన్నది తండ్రి నిర్ణయం. తండ్రి మాటే నెగ్గింది. లండనులోని సెంట్ బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరిన రాస్ అక్కడ శరీర శాస్త్రంకంటె పద్యరచనకూ, స్వరకల్పనకూ ఎక్కువ కాలం వినియోగించారు. ఫలితం ఊహించదగినదే. శస్త్రవైద్యుల పట్టా 1879లో లభించింది గాని, మందుల పరీక్షలో తప్పారు. తండ్రి పంపే పైకంపై ఆధారపడడానికి అభిమానం అడ్డువచ్చి, అట్లాంటిక్ మహాసముద్రంపై ప్రయాణీకులను చేరవేసే ఓడలో వైద్యునిగా కొంతకాలం పనిచేశారు. 1881లో తప్పిన పరీక్ష గట్టెక్కి, సర్వీసు పరీక్షలోనూ ఉత్తీర్ణులై, ఆ సంవత్సరం సెప్టెంబరులో భారతదేశానికి ఓడ ఎక్కారు. మద్రాసు రాజధాని ఆయనకు నియమితమైంది. మూడు రాజధానులలో మద్రాసు సర్వీసుకు ఆనాడు గౌరవం కొంత తక్కువ. పరీక్షలో పై స్థానాలు పొందినవారు బెంగాలు కోరుకునేవారు.

మొదటి ఏడు సంవత్సరాల కొలువులో చెప్పుకోదగిన వైద్యకృషి ఏమీ లేదు. సైనిక వైద్యునికి ఉదయం రెండు మూడు గంటల పని. తక్కిన పగలంతా తీరికే. రాస్ ఆ తీరికను గణితగ్రంథాలకూ, నవలలకూ, పద్యాలకూ ధారపోశారు. అండమాన్ దీవులలో ఉండగా వ్రాసిన నవల ఆ దశాబ్దం ముగియక ముందే అచ్చయింది. అయితే 1883లో బెంగుళూరు దండులో ఉన్నప్పుడు జరిగిన ఒక చిన్న విషయం ప్రస్తావింపదగినది. తాను ఉండే బంగళాలో దోమల బాధ మిక్కుటంగా ఉన్నదనీ, తన గదిలోనే మరీ అధికమనీ గమనించి వెదకగా, కిటికీ వెలుపల ఉన్న నీళ్ల తొట్టిలో దోమపిల్లలు పురుగులవలె మెలికలు తిరుగుతూ కనిపించాయి. తొట్టిని బోర్లించగానే గదిలో దోమలు తగ్గిపోయాయి. తరువాతి కాలంలో దేశదేశాల ప్రభుత్వాలకు ఆయన ఇచ్చిన సలహా సారాంశమంతా ఆ తొట్టిలోనే ఉన్నది. కాని దోమకూ జ్వరానికీ సంబంధమున్నదన్న ఊహ అప్పటికి ఆయనకు లేదు.

ముప్పది ఏండ్లు నిండేసరికి రాస్‌కు తన జీవితం వ్యర్థమౌతున్నదన్న దిగులు పట్టుకున్నది. చుట్టూ జనం కలరాతో, జ్వరాలతో రాలిపోతుండగా వైద్యుడై ఉండి పద్యాలు వ్రాస్తూ కూర్చున్నానన్న భావన ఆయనను వెన్నాడింది. 1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి ప్రజారోగ్య శాస్త్రంలో డిప్లొమా పొందారు; సూక్ష్మజీవ శాస్త్రం అభ్యసించారు. మరుసటి ఏడు రోజా బ్లాక్సమ్ అనే ఆమెను వివాహమాడి తిరిగివచ్చారు. అప్పటినుండి సూక్ష్మదర్శిని ఆయన సామానులో విడదీయరాని భాగమైంది.

1880లోనే అల్జీరియాలో ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ మలేరియా రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నారు. అది ఎర్ర రక్తకణంలో చేరి, దానిని తిని, నల్లని రేణువులను మిగుల్చుతుంది. రాస్ ఆ జీవిని చూడాలని పలుమార్లు ప్రయత్నించి విఫలులై, అసలది లేనేలేదని వాదిస్తూ వ్యాసాలు కూడా ప్రకటించారు. జ్వరం ప్రేగులలోని దోషంవల్ల పుడుతుందని అప్పటి ఆయన సిద్ధాంతం. 1894లో మరల సెలవుపై లండను వెళ్లినప్పుడు ఆయనకు డాక్టర్ పాట్రిక్ మాన్సన్ పరిచయమయ్యారు. మాన్సన్ చీనాదేశంలో చాలాకాలం పనిచేసి, బోదకాలు వ్యాధికి మూలమైన పురుగు దోమ శరీరంలో పెరుగుతుందని చూపినవారు. ఆయన కొద్ది నిమిషాలలో లావెరాన్ జీవిని సూక్ష్మదర్శినిలో రాస్‌కు ప్రత్యక్షంగా చూపించారు. రాస్ అంతకాలం చూసే విధానం తెలియక పొరబడ్డారే గాని జీవి లేకపోవడంవల్ల కాదు. తన పూర్వవాదాన్ని ఆయన నిస్సంకోచంగా విడిచిపెట్టారు.

మలేరియా జీవి కూడా దోమలోనే పెరుగుతుండవచ్చునన్న తన ఊహను మాన్సన్ ఒకనాడు రాస్‌కు వెల్లడించారు. ఆ ఊహలో సగం నిజం, సగం తప్పు. దోమ ఒకేసారి రక్తం త్రాగి కొద్ది దినాలలో నీటిపై చచ్చిపడుతుందనీ, ఆ నీరు త్రాగినవారికి జ్వరం వస్తుందనీ మాన్సన్ తలపోశారు. ఈ తప్పు సగమే రాస్‌ను రెండేండ్లు త్రోవ తప్పించింది.

1895లో తిరిగివచ్చి సికింద్రాబాదులో 19వ మద్రాసు పదాతిదళంలో చేరిన రాస్ వెంటనే పని మొదలుపెట్టారు. అబ్దుల్ ఖాదిర్ అనే రోగి రక్తంలో మలేరియా జీవులు సమృద్ధిగా కనిపించగా, అతనిని దోమలచే కరిపించి ఆ దోమలను కోసి చూచారు. దోమ కడుపులో జీవులు మార్పు చెందడం కనిపించింది. ఆపై అవి ఏమైనాయో అంతుపట్టలేదు. మాన్సన్ ఊహను పరీక్షింపదలచి దోమలు చచ్చిన నీటిని కొందరికి, వారి సమ్మతితో, పైకమిచ్చి త్రాగించారు. అందులో లచ్మన్ అనే ఇరవై ఏండ్ల యువకునికి ఎనిమిదవ దినాన జ్వరం వచ్చింది గాని రక్తంలో జీవి కనబడలేదు. తక్కినవారిలో చాలమందికి ఏమీ కాలేదు. ఆనాటి వైద్యలోకం ఇటువంటి ప్రయోగాలను ఆక్షేపించలేదు. అయినా పేదరికంవల్ల రూపాయికి ఒప్పుకున్నవాని సమ్మతి ఎంతటి సమ్మతియో ఆలోచింపదగిన విషయమే. రాస్‌ను గురించి వ్రాసినవారు దీనిని దాటవేయకుండా ఉండడం న్యాయం.

ఇంతలో, ఆ సెప్టెంబరులోనే, ప్రభుత్వం ఆయనను బెంగుళూరుకు పంపింది. మైసూరు రెసిడెంటు పాలనలో ఉన్న సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్‌లో కలరా వ్యాపించింది. పారిశుద్ధ్య బాధ్యతంతా రాస్‌పై పెట్టారు. పరిశోధన ఆగిపోయినందుకు ఆయన విచారించినప్పటికీ, ఈ ఉద్యోగంలో ఆయన ప్రవర్తన ప్రశంసనీయం. వీధి వీధి తిరిగి బావులు, మురుగు కాలువలు, కుప్పలు పరిశీలించారు. రోగి ఇంటినుండి అతడు నీరు త్రాగిన బావిదాకా వెళ్లి చూడడం ఆయన పద్ధతి. పారిశుద్ధ్య శాఖ ఏ విధంగా నడవాలో వివరించే సమగ్ర నివేదికను 1896లో సమర్పించారు. ప్రజల ఆరోగ్యం వైద్యుని మందుల పెట్టెలో లేదనీ, పురపాలనలోనే ఉన్నదనీ ఆయనకు దృఢంగా తోచినది ఇక్కడనే. పరిశోధకుడైన రాస్‌ను సికింద్రాబాదు తయారుచేస్తే, ప్రజారోగ్య అధికారియైన రాస్‌ను బెంగుళూరు తయారుచేసిందనవచ్చు. రెండవ రాస్‌ను లోకం తగినంతగా గుర్తించలేదు.

1897 ఏప్రిల్‌లో సెలవు దొరకగా ఉదకమండలం వెళ్లి, ఆ కొండల దిగువన జ్వరాలకు పేరుమోసిన సిగూరు కనుమలో దోమలను వెదకబోయారు. అక్కడ ఆయనకే మలేరియా సోకింది. కొయినా తీసుకుని కోలుకున్నారు. ఆ ప్రాంతంలోనే, రెక్కలపై చుక్కలు గలిగి, గోడపై వాలినప్పుడు తోక పైకెత్తి నిలిచే ఒక వింత దోమను మొదటిసారి గమనించారు. అంతవరకు ఆయన పరీక్షించిన దోమలన్నీ ఇళ్లలో సామాన్యంగా తిరిగే బూడిద రంగు దోమలు, చారల దోమలు. మనుష్యుల మలేరియా జీవి వాటిలో పెరుగదు. ఈ సంగతి ఆయనకు చెప్పగలవారు లోకంలో ఎవరూ లేరు. రెండు సంవత్సరాలలో ఆయన కోసిన వందలాది దోమలు నిష్ఫలం కావడానికి కారణం ఇదే.

జూన్‌లో సికింద్రాబాదు చేరారు. ఆ యేడు ఎండ దుర్భరంగా ఉన్నది. బేగంపేట వైద్యశాలలోని చిన్న చీకటి గదిలో, విసిరే పంకా గాలికి కోసిన దోమల అంగాలు ఎగిరిపోతాయని పంకా ఆపించి కూర్చునేవారు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి; దాని కంటి అద్దం పగిలింది. ముసురుకునే చిన్న ఈగలు కళ్లలో పడుతుండేవి. ఒక్కొక్క దోమను కణంకణంగా పరిశీలించడానికి గంటల కాలం పట్టేది.

ఆగస్టు మధ్యలో ఆయన పరిచారకులలో ఒకరు ఎక్కడినుండో కొన్ని దోమపిల్లలను సీసాలో తెచ్చారు. అవి పెరిగి రెక్కలు వచ్చినప్పుడు చూడగా చుక్కల రెక్కల దోమలు! సీసాలోనే పుట్టినవి గనుక అవి అంతవరకు ఏ ప్రాణి రక్తమూ ఎరుగవు. ప్రయోగానికి ఇంతకంటె అనువైనవి ఉండవు. ఆగస్టు 16వ తేదీన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పరుండబెట్టి వాటిచే కరిపించారు. కరచిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టజెప్పారు. తరువాతి దినాలలో కొన్ని దోమలు చచ్చాయి, కొన్నింటిని కోసి చూచినా ఏమీ తేలలేదు.

ఆగస్టు 20వ తేదీన, మిగిలిన కొద్ది దోమలలో ఒకదానిని కోశారు. దేహమంతా చూచినా విశేషమేమీ లేదు. కడుపు గోడ మాత్రం మిగిలింది. అలసట మీరి ఉన్నప్పటికీ దానిని వదలలేదు. ఆ గోడలో స్పష్టమైన అంచుతో గుండ్రని కణమొకటి కనిపించింది. దోమ కడుపు కణాలలో అటువంటిది ఉండరాదు. సూక్ష్మదర్శినిని సరిచేసి చూడగా అందులో నల్లని రేణువులు! అవి మలేరియా జీవి రక్తకణాన్ని తిని మిగిల్చే రేణువులే. వెదకగా అటువంటి కణాలు మరికొన్ని దొరికాయి. మరునాడు మిగిలిన దోమను కోసి చూచారు. కణాలు అందులోనూ ఉన్నవి. పైగా ముందటినాటికంటె పెద్దవి. అనగా దోమ కడుపు గోడలో మలేరియా జీవి సజీవంగా ఉండి, దినదినమూ పెరుగుతున్నది. రెండు దోమలు, రెండు దినాలు, నిర్ణయం జరిగిపోయింది. ఆ ఉద్వేగంలో రాస్ ఒక పద్యం వ్రాశారు. ఆగస్టు 20ని నేడు ప్రపంచమంతటా దోమల దినంగా పాటిస్తున్నారు. ఆయన వ్యాసం ఆ డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది.

ఇక సత్వరమే తక్కిన కథ తేలిపోవలసినది. కాని నెల తిరుగక మునుపే బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుతానాలో ఖేర్వాడా అనే మారుమూల స్థానం. అక్కడ మలేరియా రోగులే అరుదు. లోకానికి మేలు చేసే పని ముగింపునకు వచ్చిన సమయంలో అధికారులు ఆ విధంగా చేయడం ద్వేషంవల్ల కాదు. కాగితాలపై ఆయన ఒక పదాతిదళ వైద్యుడు మాత్రమే, దళానికి వైద్యుడు కావలసివచ్చింది, అంతే. రాస్ మనస్సు మాత్రం ఆ గాయాన్ని ఎన్నడూ మరువలేదు. ఖేర్వాడాలో పావురాల రక్తంలో మలేరియాను పోలిన జీవులను చూస్తూ కాలం గడిపారు. అది వృథా పోలేదని తరువాత తెలిసింది.

లండనులో మాన్సన్ ఊరుకోలేదు. ఆయన ప్రోద్బలంతో 1898 ఫిబ్రవరిలో రాస్‌ను ప్రత్యేక పరిశోధనకై కలకత్తాకు పంపారు. అక్కడ మరొక అవరోధం. నగరంలో ప్లేగు భయం, టీకాల భయం ప్రబలి, సూదితో వ్రేలు పొడిచే వైద్యుడంటేనే జనం పారిపోతున్నారు. మనుష్యులు దొరకకపోగా రాస్ పక్షులవైపు మరలారు. పిచ్చుకలు, భరతపక్షులు, కాకుల రక్తంలోనూ మలేరియా జాతి జీవులుంటాయి. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమలను పట్టడంలో, పెంచడంలో, రాత్రులు పిచ్చుకల పంజరాలలో వాటిని విడవడంలో అపారమైన నేర్పు చూపాడు. వైద్యుడు కిశోరీ మోహన్ బందోపాధ్యాయ కూడా ఆ కృషిలో తోడ్పడ్డారు; వారికి 1903లో బంగారు పతకం లభించింది. బక్ష్‌కు లభించినదేమీ కనిపించదు.

జులై మాసారంభంలో చిక్కుముడి విడిపోయింది. దోమ కడుపు గోడలో పెరిగిన కణం పండి పగిలి, అందులోనుండి సూక్ష్మమైన దారపు తునకలవంటి బీజాలు వేలకొలది దేహంలో ప్రవహిస్తాయి. అవి ఎక్కడికి పోతున్నవో రాస్ వెంటబడి చూచారు. చివరకు దోమ మెడవద్ద ఉన్న ఒక గ్రంథిలో అవి గుమికూడి కనిపించాయి. ఆ గ్రంథి లాలాజల గ్రంథి. దోమ కుట్టినప్పుడు గాయంలోకి చిమ్మేది ఆ లాలాజలాన్నే. అటువంటి దోమలను ఆరోగ్యవంతమైన పిచ్చుకలపై వదలగా, కొద్ది దినాలలో వాటి రక్తం మలేరియా జీవులతో నిండిపోయింది. వ్యాధి నీటివల్ల రాదు, గాలివల్ల రాదు, దోమకాటువల్ల వస్తుంది. జులై 28న ఎడింబరో నగరంలో బ్రిటిష్ వైద్యసంఘ సభలో మాన్సన్ ఈ వార్తను ప్రకటించారు.

మనుష్యుల విషయంలో ఇదే మార్గాన్ని సంపూర్ణంగా చూపడం మాత్రం ఇటలీ శాస్త్రజ్ఞులకు దక్కింది. గ్రాస్సీ, బిగ్నామీ, బాస్తియానెల్లీ అనువారు ఆ సంవత్సరం చివర రోమ్‌లో, మనుష్యులకు మలేరియా తెచ్చేది అనాఫిలిస్ జాతి దోమయని నిరూపించారు. రాస్ చూచిన చుక్కల రెక్కల దోమ అదే జాతి. కాని ఆయన కీటకశాస్త్రజ్ఞుడు కానందున దాని శాస్త్రీయ నామం ఆయనకు తెలియదు. ఇక్కడినుండి రాస్, గ్రాస్సీల నడుమ మొదలైన కలహం వారి జీవితాంతం సాగింది. రాస్ వాడిన భాష పలుచోట్ల మర్యాద మీరింది. నిష్పక్షపాతంగా చూస్తే మార్గం తెరచినవారు రాస్, మనుష్యులవరకు దానిని నడిపినవారు ఇటలీవారు. ఇరువురికీ చాలినంత కీర్తి అందులో ఉన్నది. 1902లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానం రాస్‌కు మాత్రమే లభించింది. ఆ బహుమానం పొందిన మొదటి బ్రిటిష్ పౌరుడు ఆయనే. భారతదేశంలో పుట్టినవారిలోనూ మొదటివారు ఆయనే.

1899 ఫిబ్రవరిలో రాస్ భారతదేశం విడిచి, లివర్‌పూల్‌లో అప్పుడే నెలకొల్పిన ఉష్ణమండల వైద్య విద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. అప్పటినుండి ఆయన లక్ష్యం దోమను అధ్యయనం చేయడం కాదు, దోమను లేకుండా చేయడం. అదే ఏడు పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ వెళ్లారు. గుంటలు పూడ్చడం, కాలువలు త్రవ్వడం, నిలువ నీటిపై నూనె చల్లడం, పాత్రలలో నీరు నిలువకుండా చూడడం ఇవే ఆయన చెప్పిన ఉపాయాలు. సూయజ్ కాలువ కంపెనీ పిలుపుపై 1902లో ఇస్మాయిలియా వెళ్లి ఇచ్చిన సలహాలను ఆ కంపెనీ తు.చ. తప్పక పాటించగా, జ్వరాలతో బాధపడిన ఆ పట్టణం కొద్దికాలంలోనే వాటినుండి విముక్తమైంది. పనామా కాలువ నిర్మాణంలో అమెరికా వైద్యాధికారి గోర్గాస్ సాధించిన విజయానికీ ఈ జ్ఞానమే పునాది.

భారతదేశంలో మాత్రం ఆయన ఆశించినట్లు జరుగలేదు. లాహోరు సమీపంలోని మియాన్ మీర్ సైనిక స్థావరంలో 1902లో మొదలైన దోమల నిర్మూలన ప్రయత్నం ఫలించలేదని అధికారులు తేల్చారు. చాలినంత ధనం, చాలినంత శ్రద్ధ లేకుండా చేసిన పనిని విఫలమనడం న్యాయం కాదని రాస్ తీవ్రంగా విమర్శించారు. తాను కనుగొన్న సత్యాన్ని, అది వెలువడిన దేశపు ప్రభుత్వమే వినియోగించుకోకపోవడం ఆయన మనస్సును చివరివరకు తొలచినది. మలేరియా నివారణకు దేశవ్యాప్త పథకం 1953లో, స్వతంత్ర భారత ప్రభుత్వం చేపట్టేవరకు రాలేదు.

1907, 1908 సంవత్సరాలలో మారిషస్ దీవిలో చేసిన పనిలో చిన్ననాటి గణితాభిరుచి ఆయనకు అక్కరకు వచ్చింది. ఒక్క దోమ కూడా మిగులకుండా చంపితే తప్ప మలేరియా పోదని, అది అసాధ్యమని పలువురు వాదిస్తుండేవారు. రాస్ లెక్క కట్టి చూపారు. ఒక రోగిని కుట్టిన దోమ బీజాలు పండేవరకు బ్రతకాలి. బ్రతికి మరొక మనిషిని కుట్టాలి. ఈలోగా పాత రోగులు కొందరు కోలుకుంటుంటారు. దోమల సంఖ్య ఒక పరిమితికంటె తగ్గితే కొత్త రోగులకంటె కోలుకునేవారే ఎక్కువై, దోమలు కొన్ని మిగిలియున్నప్పటికీ వ్యాధి తనంత తానే క్షీణిస్తుంది. ఈ సమీకరణాలను 1908 నాటి మారిషస్ నివేదికలోనూ, 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంలోనూ, దాని మలి ముద్రణలోనూ వివరించారు. ఆనాటి వైద్యులకు అవి కొరుకుడు పడలేదు. నేడు ఏ అంటువ్యాధి వ్యాప్తినైనా గణితంతో అంచనా వేసే శాస్త్రం రాస్‌ను తన ఆద్యులలో ఒకరిగా గౌరవిస్తున్నది. దోమ కడుపులోని కణంకంటె ఈ గణితమే తన గొప్ప కృషి అని ఆయన తలచేవారు. ఆ తలంపు అతిశయం కాదనిపిస్తుంది.

1911లో ఆయనకు సర్ బిరుదు లభించింది. మరుసటి ఏడు లండనుకు నివాసం మార్చారు. గౌరవాలకు కొదువ లేకున్నా మనశ్శాంతి లేదు. జన్నర్‌కు మశూచికం టీకా కనుగొన్నందుకు పార్లమెంటు ధనమిచ్చినట్లే తనకూ ఇవ్వాలని అర్జీ పెట్టుకున్నారు, ప్రభుత్వం అంగీకరించలేదు. తనను చేయిపట్టి నడిపించిన మాన్సన్‌పైనే, ఒక లేఖలోని వాక్యాన్ని పురస్కరించుకుని 1912లో పరువునష్టం వ్యాజ్యానికి దిగారు. మాన్సన్ క్షమాపణ చెప్పి దానిని ముగించారు. ఈ ఘట్టం రాస్ జీవితంలో చదువరిని నొప్పించేది. 1895 నుండి 1899 వరకు వారిద్దరి మధ్య నడిచిన వందకు పైబడిన ఉత్తరాలు చదివినవారికి మరీ నొప్పి కలుగుతుంది. గురుశిష్యుల సంబంధానికి అవి చక్కని నిదర్శనాలు.

1914 ఆగస్టులో, మహాయుద్ధం మొదలైన నెలలోనే, పెద్దకుమారుడు ఫ్రాన్సులో ల కాతో యుద్ధభూమిలో మరణించాడు. రాస్ ఆ యుద్ధంలో సైన్యానికి మలేరియా సలహాదారుగా పనిచేశారు. 1923లో తమ జీవితచరిత్ర ప్రకటించారు. బేగంపేట గదిలోని ఉక్క, చెమట, ఈగలు ఇంత స్పష్టంగా నేడు తెలియడం ఆ గ్రంథంవల్లనే. 1926లో లండనులోని పుట్నీ హీత్ వద్ద ఆయన పేర ఉష్ణమండల వ్యాధుల పరిశోధనాలయం, వైద్యశాల ప్రారంభమైనవి. 1927 జనవరిలో, డెబ్బయ్యవ ఏట, కలకత్తా వచ్చి తాను పనిచేసిన ప్రయోగశాల వద్ద నిర్మించిన స్మారక ద్వారపు ఆవిష్కరణలో పాల్గొన్నారు. మరుసటి సంవత్సరం తన కాగితాలను అమ్మకానికి పెట్టవలసినంత ఇబ్బంది కలిగింది. 1931లో భార్య గతించారు. 1932 సెప్టెంబరు 16వ తేదీన, దీర్ఘరోగానంతరం, తన పేర వెలసిన ఆ వైద్యశాలలోనే రాస్ కన్నుమూశారు. పుట్నీ వేల్ శ్మశానవాటికలో భార్య సమాధి ప్రక్కన ఆయనను ఖననం చేశారు.

బేగంపేటలో ఆయన పనిచేసిన పాత కట్టడం ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వచ్చి, సర్ రోనాల్డ్ రాస్ పరాన్నజీవ శాస్త్ర సంస్థ అన్న పేరు పొందింది. 1897 ఆగస్టులో కొన్ని అణాలకు తన చేతిని దోమలకు అప్పగించిన హుసేన్ ఖాన్ అటు తరువాత ఏమైనాడో రాస్ జీవితచరిత్రలు చెప్పవు.